పదమూడు రోజుల కుక్కపిల్లలతో అనంతపురం నుంచి హైదరాబాద్: తల్లికి చల్లదనం, పిల్లలకు వెచ్చదనం

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ లాబ్రడార్ ఈని తొమ్మిది రోజులైంది. ఏడు పిల్లలు. మీవారికి హైదరాబాద్ బదిలీ అయింది, 30వ తేదీకల్లా అనంతపురంలో ఇల్లు ఖాళీ చేయాలి. ఆ రోజుకి పిల్లలకు పదమూడు రోజులు నిండుతాయి. ఏప్రిల్ ఎండలు. సామాన్ల వ్యాన్‌లో ఎక్కించేయమని మీ మామగారు, రైల్లో తీసుకెళ్ళమని మీ తమ్ముడు, పిల్లల్ని తలా ఒకటి పంచేయమని పక్కింటివాళ్ళు అంటున్నారు. కార్లో తీసుకెళ్తే బతుకుతాయా అని మీరు అడుగుతున్నారు.

బతుకుతాయి. కాకపోతే మనకు తోచినట్టు తీసుకెళ్తే కాదు.

నేను డాక్టర్ని కాను. కర్నూల్లో ఇరవై రెండేళ్ళుగా కుక్కల్ని పెంచుతున్నాను, మా ఇంట్లో పదకొండు ఈతలు చూశాను. పాలిచ్చే తల్లిని, పిల్లల్ని ఊరు మార్చడం నాలుగుసార్లు చేశాను. మొదటిసారి చేసిన తప్పు ముందు చెప్తాను. మీకు కావలసిన సంగతి చాలావరకు అందులోనే ఉంది.

2011 మే నెల. కడపలో మా బావమరిది ఇంట్లో ఈనిన కుక్కను, దాని ఐదు పిల్లల్ని కర్నూలు తెచ్చుకుంటున్నాను. పిల్లలకు ఆరు రోజులు. బయట నిప్పులు చెరుగుతున్నట్టుంది. పసికూనలకు వేడి తగలకూడదని బుట్టను ముందు సీటు దగ్గర కింద, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టి, ఏసీ పూర్తిగా పెంచాను. మైదుకూరు దాకా కుయ్ కుయ్ అంటూనే ఉన్నాయి. తర్వాత సద్దు లేదు. నిద్రపోయాయి అనుకున్నాను. ఆళ్ళగడ్డలో టీకి ఆగి బుట్ట మీది గుడ్డ తీస్తే నాలుగు ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ఉన్నాయి. ఐదోది ఎడంగా పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గిన్నెలా తగిలింది. ఆకలికి నీరసించింది కాబోలని టీకొట్టులో పాలు గోరువెచ్చగా చేయించి, దూది ముంచి నోట్లో పిండాను. మింగలేదు, పాలు ముక్కులోంచి బయటికొచ్చాయి. నంద్యాల చేరేలోపే పోయింది.

తర్వాత మా డాక్టరుగారికి చెప్తే, చలికి సగం చచ్చింది, మిగతా సగం నీ పాలు చంపాయి అన్నారు.

మన సీమవాళ్ళకు ఎండ భయం అలవాటు. పసిపిల్లలకు చలి వల్ల ప్రాణం మీదికి వస్తుందంటే, అదీ ఏప్రిల్లో, నమ్మబుద్ధి కాదు. కానీ కుక్కపిల్ల పుట్టిన మొదటి రెండు మూడు వారాలు తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. మొదటి వారంలో దానికి వణకడం కూడా రాదు. పెద్ద కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు ఉంటే, మొదటి వారం పిల్లకు 35 నుంచి 37 మాత్రమే ఉంటుంది. తల్లి పొట్ట, తోబుట్టువుల ఒళ్ళు, కింది గుడ్డ ఇచ్చే వెచ్చదనమే దానికి దిక్కు. ఒళ్ళు చల్లబడితే పేగులు పనిచేయడం ఆపేస్తాయి. ఆ సమయంలో పాలు పోస్తే అరగవు, మింగే శక్తి లేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తల్లి సంగతి దీనికి తలకిందులు. ఏడు పిల్లలకు పాలిచ్చే లాబ్రడార్ ఒంట్లో పొయ్యి రగులుతున్నట్టే. చల్లగా లేకపోతే ఒగర్చి ఒగర్చి నీరసించి పాలు తగ్గిపోతాయి, వడదెబ్బ కూడా తగలొచ్చు. అంటే ఒకే కార్లో మీరు రెండు వాతావరణాలు పెట్టాలి. ఇదొక్కటి కుదిరితే మిగతాది పెద్ద కష్టం కాదు.

మామగారి వ్యాన్ మాట పక్కన పెట్టేయండి. పెద్దాయన్ని నొప్పించకుండా ఎలా చెప్తారో మీ ఇష్టం. రేకు కింద, బీరువాల మధ్య, మధ్యాహ్నం ఎక్కడైనా టైరు పంచరైతే తల్లే బతకదు. రైలంటే ఫస్ట్ ఏసీలో కూపే, అంటే తలుపున్న చిన్న గది, మొత్తం దొరికితే కుక్కను పక్కన పెట్టుకోవచ్చు. దొరక్కపోతే గార్డు దగ్గరి బ్రేక్ వ్యాన్‌లో ఉండే ఇనుప పెట్టెలో వేయాలి. పిల్లలున్న తల్లికి అది పనికిరాదు. ఇక పంచేయడం. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే ఉంది. ఊరికే ఇచ్చినా అదే న్యాయం. కళ్ళు కూడా పూర్తిగా తెరవని పిల్లను తీసుకునేవాడు దానికి ఆవుపాలు పట్టి నాలుగో రోజు మీకే ఫోన్ చేస్తాడు.

బయల్దేరే ముందు ఒక్క ప్రయత్నం చేయండి. ఇంటి యజమానిని ఇంకో పదిహేను రోజులు అడగండి. మీవారు సామానుతో ముందు వెళ్ళి, మీరు ఒక గదిలో ఒక చాప, ఒక స్టవ్‌తో ఉండిపోయినా నష్టం లేదు. పదమూడు రోజుల పిల్లకూ ఇరవై ఎనిమిది రోజుల పిల్లకూ చాలా తేడా ఉంది. నాలుగో వారానికి ఒంటి వేడి నిలబడుతుంది, కళ్ళు చెవులు పనిచేస్తాయి, సొంతంగా ఉచ్చ పోసుకుంటుంది, మెత్తగా పిసికిన అన్నం నాకుతుంది. అర నెల అద్దె ఎంతైనా ఏడు ప్రాణాల ముందు అదొక లెక్క కాదు. యజమాని ససేమిరా అంటేనే కింద రాసింది చదవండి.

ముందు పెట్టె సంగతి. బజార్లో రంగురంగుల పెట్ క్యారియర్లు వద్దు, పిల్లలకు అవి ఎక్కువ లోతు, గాలి తక్కువ. పత్తికొండ మార్కెట్లో టమాటాలు పోసే ప్లాస్టిక్ క్రేట్ చూసే ఉంటారు. అనంతపురం మార్కెట్లోనూ దొరుకుతుంది. అది తెచ్చి సబ్బుతో కడిగి ఎండబెట్టండి. అడుగున ఒక మందపాటి బొంత, దాని మీద పాత టర్కీ టవల్. న్యూస్‌పేపర్ వేయొద్దు. కాగితం మీద పిల్లల కాళ్ళు జారి పక్కకు విచ్చుకుంటాయి. పోగులు ఊడే చీర ముక్కలు కూడా వద్దు. ఒకసారి మా ఇంట్లో చీర పోగు పిల్ల కాలికి మూడు చుట్లు చుట్టుకుని, పొద్దున చూసేసరికి పాదం వంకాయ రంగుకి తిరిగింది. కత్తెరతో కోసి, గంటసేపు మెల్లగా రుద్దితే దారికొచ్చింది. క్రేట్‌లో వేసే టవల్ రెండు రోజుల ముందే తల్లి కింద పరవండి. దాని వాసన పడితే పిల్లలు గొడవ చేయవు.

క్రేట్‌కి మూడు వైపులా, పైన ముప్పాతిక భాగం పలుచని దుప్పటి కప్పండి. ఏసీ గాలి లోపలికి దూరకూడదు, ఊపిరి మాత్రం ఆడాలి. వేడినీళ్ళ సీసాను మందపాటి గుడ్డలో చుట్టి ఒక మూలనే పెట్టండి. నడిమధ్యన పెట్టొద్దు. వేడెక్కువైతే పిల్ల పాక్కుంటూ అవతలికి పోవడానికి చోటుండాలి. గదుల్లో పెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని పిల్లల పక్కన పడేయండి. మొదటి వారంలో 29 నుంచి 32 డిగ్రీలు కావాలి. మీ పిల్లలు రెండో వారం చివర్లో ఉంటారు కాబట్టి 27, 28 దగ్గర ఉంటే చాలు. కార్లో ఏసీ 23, 24 మీద పెట్టి, గాలి మర తల్లి వైపు తిప్పండి.

థర్మామీటర్ కన్నా పిల్లలే బాగా చెప్తాయి. గుట్టగా ఒకదాని మీద ఒకటి ఎక్కి సన్నగా ఏడుస్తుంటే చలి. దూరం దూరంగా పడి, పొట్టలు ఎర్రగా, నోళ్ళు తెరుచుకుని ఉంటే వేడి. ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతూ, మధ్యమధ్య కాళ్ళు విదిలిస్తూ, మూతి కదిలిస్తూ ఉంటే సరిపోయిందని. ఆ విదిలింపులు చూసి ఫిట్స్ అని కంగారు పడకండి. ఈ వయసులో నిద్రలో అలాగే ఎగిరెగిరి పడతాయి. అలా కదలకుండా బొమ్మలా పడి ఉన్న పిల్ల గురించే టెన్షన్ పడాలి.

అలాంటి పిల్ల కనిపిస్తే ఏం చేయాలి? చిటికెన వేలు నోట్లో పెట్టి చూడండి. లోపల కూడా చల్లగా ఉంటే పాలు పట్టొద్దు, తల్లి దగ్గర కూడా వేయొద్దు. మీ జాకెట్లోనో, మీవారి చొక్కా లోపలో, ఒంటికి తగిలేలా పెట్టుకోండి. అరగంట, గంట పట్టనివ్వండి. హీటరు ముందు పెట్టి గబగబా వేడి చేస్తే ఇంకా ప్రమాదం. నోరు వెచ్చబడి, వేలిని చీకడం మొదలుపెట్టాక తల్లికి అందించండి.

ఇక ప్రయాణం. అనంతపురం నుంచి హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 360 కిలోమీటర్లు. మామూలుగా ఆరు గంటలు. మీకు ఎనిమిది పడుతుందని లెక్క వేసుకోండి. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరండి. సాయంత్రం బయల్దేరితే చల్లగా ఉంటుంది కదా అనొచ్చు. రోజంతా సామాను సర్దిన మనిషి రాత్రి పన్నెండింటికి స్టీరింగ్ పట్టుకుంటే నాకు నమ్మకం లేదు.

మీవారు నడుపుతారు, మీరు వెనక. ముందు సీట్లో మీ బాబును కూర్చోబెట్టినా వాడి ఒళ్ళో పిల్లల్ని పెట్టొద్దు. వెనక సీట్లో ఒక చివర క్రేట్, దానికి సీటు బెల్టు బిగించాలి. ఇంకో చివర తల్లి. మధ్యలో మీరు. తల్లికి పిల్లలు కనిపించాలి, వాసన తెలియాలి. కానీ బండి నడుస్తుండగా క్రేట్‌లోకి రానివ్వొద్దు. ముప్పై కిలోల కుక్క, ఒక్క సడన్ బ్రేకు చాలు. డిక్కీ మాట అసలే వద్దు.

రెండు, రెండున్నర గంటలకోసారి ఆపాలి. మొదటి ఆపు డోన్ దగ్గర, రెండోది కృష్ణ మీద బీచుపల్లి వంతెన దాటాక పెబ్బేరు వైపు, మూడోది జడ్చర్ల దగ్గర. మధ్యలో తెల్లారుతూ మా ఊరు దాటి తుంగభద్ర వంతెన ఎక్కుతారు. పిల్లలు నిద్రలో ఉంటే అక్కడ ఆగే పని లేదు. 1978 నాటి జంతు రవాణా నిబంధనలు కూడా ఎండాకాలంలో కుక్కలకు నాలుగు గంటలకోసారి నీళ్ళు, పిల్లలకు నాలుగు గంటలకోసారి మేత అంటాయి. పాలు తాగే పిల్లలకు నాలుగు గంటలంటే మరీ ఎక్కువ ఎడం, నా రెండున్నర గంటల లెక్కే పట్టుకోండి.

ఆపిన ప్రతిసారీ వరస ఒకటే. నీడ, జనం లేని చోటు చూసుకుని, ఇంజను, ఏసీ నడుస్తూనే ఉంచి, ముందు తల్లిని దింపాలి. దింపే ముందు గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకోండి. ఇంట్లో ఎంత బుద్ధిమంతురాలైనా హైవే మీద, లారీ హారన్‌కి, పిల్లలున్న తల్లి ఏం చేస్తుందో చెప్పలేం. డాబాల దగ్గర ఊరకుక్కల గుంపు ఉంటుంది. వాటిని చూస్తే ఇది పిల్లల కోసం మీద పడుతుంది. అందుకే డాబాకి కిలోమీటరు ఇవతలే ఆగండి. ఉచ్చ, దొడ్డి అయ్యాక నీళ్ళు కొద్దికొద్దిగా రెండు మూడుసార్లు పట్టండి. తర్వాత తడిగుడ్డతో పాదాలు, పొట్ట, చన్నులు తుడవండి. ఇది చాదస్తం అనుకోకండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది, మీ పిల్లలకు ఇంకా ఏ టీకా పడలేదు. తల్లి ఎక్కడో పడుకుని లేచిన పొట్టనే అవి చీకుతాయి. పిల్లల్ని మాత్రం ఏ కారణానికీ నేల మీద పెట్టొద్దు. "అయ్యో ఎంత ముద్దుగా ఉన్నాయో" అంటూ చేయి చాపే వాళ్ళకు నవ్వుతూనే అద్దం ఎత్తేయండి.

అప్పుడు తల్లిని సీటు మీద పక్కకు పడుకోబెట్టి, పిల్లల్ని ఒక్కొక్కటిగా అందించండి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు తాగనివ్వండి. బలమైన పిల్లలు వెనక చన్నులు ఆక్రమిస్తాయి, అక్కడే పాలెక్కువ. చిన్నదాన్ని ముందు అక్కడ పట్టించండి. తాగాక తల్లి ఒక్కొక్కదాని కింది భాగం నాకుతుంది. అలా నాకితేనే మూడు వారాల లోపు పిల్లకు ఉచ్చ, దొడ్డి వస్తాయి. ప్రయాణంలో బెదిరి కొన్ని తల్లులు ఈ పని మానేస్తాయి. అప్పుడు దూదిని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తల్లి నాలుకలా మెల్లగా మీరే రుద్దాలి. పసుపుపచ్చగా నాలుగు చుక్కలు పడితే పని అయినట్టే. తలుపు వేసే ముందు లెక్కపెట్టండి. ఏడు ఉన్నాయా? మా మూడో ప్రయాణంలో ఆరే లెక్క తేలి, వెతికి వెతికి చివరికి ముందు సీటు పట్టాల కింద దొరికింది. సీటు వెనక్కి జరిపి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంజను ఆపి, అద్దాలు ఎత్తి, "ఐదు నిమిషాల్లో టిఫిన్ చేసొస్తాం" అని మాత్రం వెళ్ళకండి. ఎండలో ఆపిన కార్లో పది నిమిషాలకే పది డిగ్రీలు పెరుగుతుంది. ఒకరు తింటే ఒకరు కార్లో ఉండాలి.

తల్లి మేత. బయల్దేరడానికి నాలుగు గంటల ముందు, అంటే రాత్రి పదకొండు ప్రాంతంలో తేలిగ్గా పెరుగన్నం, ఉడికించిన చికెన్. దారిలో అదే చిన్న ముద్దలుగా. ఇంట్లో రాగిసంగటి తినే కుక్కైతే సంగటే కట్టుకోండి, ఆ రోజు కొత్త తిండి వద్దు. డాబా బిర్యానీలో ఉల్లిపాయ ఉంటుంది, కుక్కకది విషం. దారిలో పడుకుంటుందని నిద్రమాత్రలు, వాంతులకని మనుషుల మాత్రలు వేయొద్దు. పాలలోకి దిగుతాయి.

తల్లి విషయంలో నాకు నిజంగా భయం వేసేది ఒకటుంది, పాలజ్వరం. ఈనాక ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య, పాలు ఎక్కువ దిగుతున్నప్పుడు, రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. పామెరేనియన్ లాంటి చిన్న జాతుల్లో ఎక్కువ, పెద్ద ఈత అయితే మీ లాబ్‌కీ రావచ్చు. చిక్కేమిటంటే అది మొదట ఒగర్పుతోనే మొదలవుతుంది, మనం ఎండకి అనుకుంటాం. ఎండ ఒగర్పైతే ఏసీలో పావుగంటకు తగ్గుతుంది. పాలజ్వరమైతే తగ్గదు. నిలకడ ఉండదు, కాళ్ళు కర్రల్లా బిగుస్తాయి, కండరాలు అదురుతాయి, తర్వాత ఫిట్స్. అదురు కనిపించిన క్షణం పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసేసి, దగ్గరున్న పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. కాల్షియం నరంలోకి నిదానంగా, గుండె చూసుకుంటూ ఎక్కించాలి. అది ఇంట్లో చేసే పని కాదు. ముందుజాగ్రత్తగా కాల్షియం టానిక్ పోద్దామని కూడా అనుకోకండి. చూలుతో ఉన్నప్పుడు అదనంగా పోస్తేనే ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇప్పుడు పోయాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

అందుకే ముందురోజు అనంతపురంలో డాక్టరుకు చూపించండి. జ్వరం ఉందా, చన్నుల్లో ఎక్కడైనా గట్టిగా, వేడిగా ఉందా, కింద పోతున్నది దుర్వాసన వేస్తుందా, ఈ మూడూ చూస్తారు. చన్ను వాచి ఉంటే ప్రయాణం ఆపుకోండి. ప్రయాణానికి తగినట్టుందని ఒక కాగితం రాయించుకోండి. డోన్, కర్నూలు, జడ్చర్లల్లో ఒక్కొక్క కుక్కల డాక్టరు నంబరు ముందే ఫోన్లో పెట్టుకోండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అయితే అది ముఖ్యంగా పల్లెల్లో ఆవులు, గేదెలు, గొర్రెల కోసం. తెల్లవారుజామున నాలుగింటికి దాన్నే నమ్ముకుని ఉండొద్దు. పిల్లలకు పట్టే పాలపొడి డబ్బా ఒకటి, సిరంజి కాకుండా చిన్న పాలసీసా ఒకటి సంచిలో ఉండాలి. తల్లికి ఏదైనా అయితే ఆ ఒక్కరోజు గడవాలి కదా. ఆవుపాలలో వాటికి కావలసినంత కొవ్వు, మాంసకృత్తులు ఉండవు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంకొకటి, ఇవాళే మొదలుపెట్టండి. వంటింట్లో తూకం ఉంటే రోజూ ఒకే వేళకు ఏడింటినీ తూచి రాసుకోండి. గుర్తు కోసం మెడకు దారాలు కట్టొద్దు. ఒక్కొక్కదానికి ఒక్కో వేలి గోరు మీద గోళ్ళరంగు చుక్క పెట్టండి. రోజురోజుకూ బరువు పెరగాలి. ప్రయాణం రోజు పెరగకపోయినా ఫరవాలేదు. మర్నాడు కూడా పెరగని పిల్లను మర్నాడే చూపించాలి.

హైదరాబాద్ ఇంట్లో సామాను దించకముందే ఒక గది తల్లికీ పిల్లలకూ ఇవ్వండి. ఫినాయిల్ వాసన లేకుండా నీళ్ళతో తుడిచి, అనంతపురం నుంచి తెచ్చిన ఆ మురికి టవలే పరవండి, ఉతకొద్దు. మొదటి రాత్రి తల్లి పిల్లల్ని నోట కరుచుకుని మంచం కిందికి, బీరువా పక్కకి మారుస్తూనే ఉంటుంది. తిట్టకండి, లైటు తగ్గించి మీరొక్కరే పక్కన కూర్చోండి. ఎక్కడో ఒకచోట స్థిరపడుతుంది. అది మీరు ఎంచిన మూల కాకపోవచ్చు, పెట్టెను అక్కడికే జరపండి. చూడ్డానికి వచ్చే కొత్త ఇరుగుపొరుగును, మీ ఆడపడుచు పిల్లల్ని మూడు రోజులు గుమ్మం దగ్గరే ఆపండి. నాలుగో రోజు చెప్పులు బయట విప్పించి, చేతులు కడిగించి, ఒక్కొక్కరినే పంపించండి.